బినైన్ కార్టిలేజ్ ట్యూమర్లు: కోర్సు, ప్రోగ్నోసిస్ ఎలా చదవాలి

పీజీ ఎంట్రన్స్‌కైనా, ఆర్థో థియరీ పేపర్‌కైనా ఈ టాపిక్‌లో చాలామంది ఎక్స్‌రే బొమ్మలు, హిస్టాలజీ బట్టీపట్టి పేజీ తిప్పేస్తారు. మార్కులు పోయేది ఆ తర్వాతి పేరాలోనే. గడ్డ ఎప్పటిదాకా పెరుగుతుంది, తీశాక మళ్లీ వస్తుందా, మాలిగ్నెంట్‌గా (క్యాన్సర్‌గా) మారుతుందా అని ప్రతి ట్యూమర్‌నూ అడుగుతూ చదవండి. జవాబులు ఎక్కువగా గ్రోత్ ప్లేట్ (ఎదిగే వయసులో ఎముక పొడవు పెరిగే చోటు) దగ్గరే దొరుకుతాయి.

ముందు ఆస్టియోకాండ్రోమా (ఎముక పైకి పొడుచుకొచ్చే, కార్టిలేజ్ క్యాప్ ఉన్న గడ్డ) గట్టిగా పట్టుకోండి, మిగతావి దానితో పోల్చుకోవచ్చు. గ్రోత్ ప్లేట్ మూసుకున్నాక దీని పెరుగుదల ఆగిపోతుంది. అందుకే నొప్పి, నరం లేదా రక్తనాళంపై ఒత్తిడి, వంకర లేకపోతే ఆపరేషన్ అక్కర్లేదు. చిన్నపిల్లల్లో తొందరపడి తీస్తే ఫైసిస్ (అంటే గ్రోత్ ప్లేట్) దెబ్బతినవచ్చు, రికరెన్స్ (మళ్లీ రావడం) కూడా ఎక్కువ. తీసేటప్పుడు కార్టిలేజ్ క్యాప్‌తో పాటు పైనున్న పెరికాండ్రియం (దాన్ని కప్పే పొర) మొత్తం రావాలి. మళ్లీ పెరిగేది మిగిలిపోయిన ముక్క నుంచే. పెద్దవాళ్లలో క్యాప్ మందం 2 సెంటీమీటర్లు దాటితే సెకండరీ కాండ్రోసార్కోమాను (ఈ గడ్డ నుంచే పుట్టే కార్టిలేజ్ క్యాన్సర్‌ను) అనుమానించాలి. ఈ కొలతను పిల్లలకు వర్తింపజేయడం మామూలుగా జరిగే తప్పు: ఎదిగే వయసులో మందపాటి క్యాప్ సహజమే. ఒక్కటే గడ్డ ఉంటే మాలిగ్నెంట్‌గా మారే అవకాశం సుమారు 1 శాతం, హెరిడిటరీ మల్టిపుల్ ఎక్సోస్టోసెస్‌లో (వంశపారంపర్యంగా ఇలాంటి గడ్డలు చాలా వచ్చే జబ్బులో) సుమారు 5 శాతం వరకు. పాత పుస్తకాల్లో ఇంకా పెద్ద అంకెలు కనిపిస్తాయి, వాటితో కంగారుపడొద్దు. మారినా ఎక్కువగా లో గ్రేడే కాబట్టి వైడ్ ఎక్సిషన్‌తో (చుట్టూ ఉన్న మంచి కణజాలంతో సహా తీసేయడంతో) ఫలితం బాగుంటుంది. జవాబులో ఈ వాక్యం తప్పక రాయండి, చాలామంది వదిలేస్తారు.

ఎన్‌కాండ్రోమాలో (ఎముక లోపల పెరిగే కార్టిలేజ్ గడ్డలో) అసలు చిక్కు లో గ్రేడ్ కాండ్రోసార్కోమా నుంచి వేరు చేయడం. చేతివేళ్ల ఎముకల్లో సెల్యులారిటీ (కణాల రద్దీ) ఎక్కువగా కనిపించినా బినైనే కావచ్చు. అదే హిస్టాలజీ పెల్విస్‌లో కనిపిస్తే ప్రమాదం. అందుకే స్లైడ్‌ను ఎక్స్‌రే పక్కన పెట్టకుండా ఎప్పుడూ చదవొద్దు. పొడవాటి ఎముకల్లో ఫ్రాక్చర్ లేకుండానే నొప్పి రావడం, ఎండోస్టియల్ స్కాలపింగ్ (ఎముక గోడ లోపలి నుంచి అరగడం) కార్టెక్స్ మందంలో మూడింట రెండు వంతులు దాటడం, ఎదుగుదల ఆగిన తర్వాత కూడా గడ్డ పెరగడం హెచ్చరికలు. వేలి ఎముక విరిగితే సాధారణంగా అది అతికాక క్యూరెటాజ్ (గడ్డను గోకి తీయడం) చేస్తారు.

ఎన్‌కాండ్రోమాలు చాలా వచ్చే ఆలియర్, మాఫుచ్చీ జబ్బుల తేడా చెప్పమంటే మాఫుచ్చీలో ఉండే హిమాంజియోమాలతో (రక్తనాళాల గడ్డలతో) ఆపేయకండి. ఆలియర్‌లో మాలిగ్నెన్సీ రిస్క్ సుమారు 25 నుంచి 40 శాతం, మాఫుచ్చీలో అంతకన్నా ఎక్కువ, పైగా గ్లయోమా (మెదడు ట్యూమర్) వంటి ఇతర ట్యూమర్ల రిస్క్ కూడా ఉంది. అందుకే జీవితాంతం ఫాలోఅప్ కావాలి. రెండింటిలోనూ ఐడీహెచ్1, ఐడీహెచ్2 మ్యుటేషన్లు సొమాటిక్, కాబట్టి వంశపారంపర్యం కాదు. ఎక్సోస్టోసెస్ మాత్రం ఈఎక్స్‌టీ1, ఈఎక్స్‌టీ2 జీన్ల వల్ల ఆటోసోమల్ డామినెంట్‌గా వస్తుంది. ఈ రెండింటినీ తారుమారు చేసే ఆప్షన్లు ఇస్తుంటారు.

కాండ్రోబ్లాస్టోమా టీనేజర్ల ఎపిఫైసిస్‌లో (ఎముక చివర, కీలు పక్కన) వస్తుంది. దానంతట అది తగ్గదు, కాబట్టి చికిత్స తప్పదు: క్యూరెటాజ్, బర్ (అంచులను అరగదీసే డ్రిల్), బోన్ గ్రాఫ్ట్. ఫైసిస్, కీలు రెండూ పక్కనే ఉండటంతో సర్జన్ పూర్తిగా గోకలేకపోవచ్చు. 10 నుంచి 20 శాతం దాకా రికరెన్స్ కనిపించడానికి అదొక ముఖ్య కారణం. అరుదుగా ఊపిరితిత్తుల్లో డిపాజిట్లు వచ్చినా హిస్టాలజీ బినైన్‌గానే ఉంటుంది, వాటిని తీసేస్తే చాలామంది బాగుంటారు. “మెటాస్టాసిస్ ఉంది కాబట్టి మాలిగ్నెంట్” అన్న ఆప్షన్‌కు పడిపోకండి.

కాండ్రోమిక్సాయిడ్ ఫైబ్రోమా అరుదు. వచ్చే చోటు మెటాఫైసిస్ (గ్రోత్ ప్లేట్ పక్కనుండే భాగం), ముఖ్యంగా ప్రాక్సిమల్ టిబియా (మోకాలి కింది ఎముక పైభాగం); క్యూరెటాజ్ తర్వాత రికరెన్స్ తక్కువేమీ కాదు, మాలిగ్నెంట్‌గా మారడం చాలా అరుదు. ఇంతకుమించి సమయం పెట్టనక్కర్లేదు.

రివిజన్‌కు ఒకే కాగితంపై పొడవాటి ఎముక బొమ్మ గీసి, ఏ ట్యూమర్ ఎక్కడ వస్తుందో అక్కడే రికరెన్స్, మాలిగ్నెన్సీ అంకెలు రాయండి. కేసు ప్రశ్న వస్తే ముందు వయసు, తర్వాత ఫైసిస్ తెరిచి ఉందా అన్నది చూడండి. ఎన్నో ఏళ్లుగా కదలకుండా ఉన్న గడ్డ పెద్ద వయసులో నొప్పితో పెరుగుతోందని రాసి ఉంటే, “అబ్జర్వేషన్” కొట్టేసి ఎమ్మారై ఆప్షన్ వెతకండి.