పీసాలో శనగపిండి అట్టు

పీసా టవర్ దాకా వెళ్లి ఎక్కకుండా వచ్చాను. కళ్లు తిరిగి కాదు, మోకాళ్ల నొప్పులూ కాదు. మా చిన్నోడికి ఆరేళ్లే, అందుకని.

ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని పైకి పంపరు. ఆ ముక్క టికెట్లు కొన్నప్పుడు రాసే ఉందట, నేనే చూసుకోలేదు. మనిషికి 20 యూరోల చొప్పున ఐదు టికెట్లు కొనేశాను. గేటు దగ్గర వయసు అడిగారు. ఏం చెప్పాలా అని నేను ఆలోచించేలోపు వాడే "సిక్స్!" అని అరిచాడు. వాడితో నేను ఆగిపోయాను. ఇదే సందని అమ్మ కూడా "అన్ని మెట్లు నా వల్ల కాదమ్మా" అని జారుకుంది. నాన్న, మా ఆయన పైకి వెళ్లారు. మూడు టికెట్లు, ఆరు వేల రూపాయలు గంగలో కలిశాయి. అమ్మ ఆ లెక్క సాయంత్రం దాకా మర్చిపోలేదు.

అసలు పొద్దున్నుంచీ ఆమెకి ఏదీ ఆనట్లేదు. ఫ్లోరెన్స్ నుంచి గంట రైలు, స్టేషన్ నుంచి ఎండలో అరగంట నడక. దారిలో ఆర్నో నది చూపిస్తే "మన తెనాలి కాలవే నయం" అంది. టవర్ ముందు పచ్చికలో జనం ఆ ఒరిగిన టవర్‌ని ఆపుతున్నట్టు ఫొటోల కోసం చేతులు చాపి నిలబడితే, "ఏమే, వీళ్లంతా గాలిని ఎందుకు తోస్తున్నారు?" అని అడిగింది. పాపం, ఆకలి. పది రోజులుగా బ్రెడ్డు, బంగాళాదుంప వేపుడు తప్ప నోట్లోకి ఏమీ పోలేదు.

వెనక సందుల్లో తిరుగుతుంటే ఒక చిన్న పిజ్జా కొట్టు దగ్గర అమ్మ టక్కున ఆగింది. "శనగపిండి వాసనే ఇది." నాకేమో పొగ వాసన తప్ప ఏమీ తెలియలేదు. లోపల పొయ్యిలోంచి అప్పుడే తీసిన రాగి పళ్లెం, బండి చక్రమంత ఉంది. అందులో పసుప్పచ్చగా పల్చటి అట్టు, పైన అక్కడక్కడా మాడిన మచ్చలు. చెచీనా అంటారట. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. గుడ్డు లేదని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాకే అమ్మ కూర్చుంది.

కొట్టాయన ముక్క కోసి, మిరియాల పొడి చల్లి, కాగితంలో పెట్టి ఇచ్చాడు. పైన కరకర, లోపల వెన్నలా మెత్తగా ఉంది. అమ్మ వేలితో చిదిమి చూసి, "మన పప్పు పిండి కాదు, ఆ పెద్ద శనగలది" అంది. నేను వచ్చీరాని ఇటాలియన్‌లో అడిగితే ఆయన లోపలికి వెళ్లి గుప్పెడు శనగలు తెచ్చి బల్ల మీద పోశాడు. కాబూలీ శనగలే! అమ్మ గెలిచినట్టు నా వైపు చూసింది. ఆ తర్వాత ఆమె తెలుగులో, ఆయన ఇటాలియన్‌లో పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఇందులో వాము, పచ్చిమిర్చి ఎందుకు వేయరన్నది అమ్మ ప్రశ్న. జవాబు ఏమిటో నాకూ తెలియలేదు. మూడు ముక్కలు తింది, నాన్నకి ఒకటి కట్టించింది.

నాన్న కిందికి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. ఊరు ఎలా కనిపించిందో ఒక్క మాట చెప్పలేదు, అంతా మట్టి గురించే. 1173లో మొదలుపెట్టారట, మూడో అంతస్తుకే ఒరిగిందట. యుద్ధాల వల్ల దాదాపు వందేళ్లు పని ఆగబట్టి ఈలోగా కింది బంకమట్టి గట్టిపడిందట, లేకపోతే అప్పుడే కూలేదట. 1990లో మూసేసి, 2001లో మళ్లీ తెరిచారు. "ఎలా నిలబెట్టారో తెలుసా? ఒరిగిన వైపు ఎత్తలేదు. అవతలి వైపు కింద కొంచెం కొంచెంగా మట్టి తీశారు!"

ఆ సంబరం ఎందుకో మాకు తెలుసు. తెనాలిలో మా ప్రహరీ గోడ నల్లరేగడి మీద ఉంది. ఏటా వానలు తగ్గాక వీధి వైపు ఇంకాస్త ఒరుగుతుంది, నాన్న ఇంకో సరుగుడు కర్ర పోటు పెట్టిస్తారు.

రైల్లో చల్లారిన చెచీనా తింటూ "చట్నీ లేదా?" అన్నారు. కాసేపాగి, మేస్త్రీకి ఫోన్ చేస్తానని సెల్లు తీశారు. ఇండియాలో అప్పుడు రాత్రి పదకొండున్నర. అమ్మ ఫోన్ లాక్కుని సంచిలో వేసుకుంది.