కాలి మిషన్, కొత్త కీలు

హనుమకొండలో మా ఇంటి ముందు గదిలో కాలితో తొక్కే కుట్టు మిషన్ ఉంది. మోటారు పెట్టించుకోమని అందరూ అంటారు. నాకేమో కాలితో తొక్కితేనే కుట్టు నా మాట వింటుంది.

2011లో కాజీపేట రోడ్డు మీద స్కూటీ జారి ఎడమ చీలమండ విరిగింది. ప్లేటు, స్క్రూలు వేశారు. ఎముక అతికింది గానీ కీలులో నున్నటి పొర ఏటేటా అరుగుతూ వచ్చింది. చివరికి నాలుగు జాకెట్లు కుట్టిన రోజు కూడా రాత్రి గోడ పట్టుకుని బాత్రూంకు పోవాల్సి వచ్చేది.

హైదరాబాద్‌లో డాక్టర్ రెండు దారులు చెప్పారు. ఎముకలు కలిపి బిగించేస్తే నొప్పి పోతుంది, కానీ పాదం అక్కడ పైకీ కిందికీ ఆడదు. కీలు మారిస్తే ఆడుతుంది. కాకపోతే పరుగులు, గెంతులు బంద్, కొన్నేళ్లకు అరిగితే మళ్లీ ఆపరేషన్ పడొచ్చు. "మిషన్ తొక్కొచ్చా సార్?" అన్నాను. ఆయన బల్ల కింద తన పాదమే ఆడించి చూసుకుని, "తొక్కొచ్చమ్మా, తొందరపడకుండా" అన్నారు.

పోయిన ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది. పై ఎముక చివర ఒక లోహపు ముక్క, కింది ఎముక మీద ఇంకొకటి, మధ్యలో ప్లాస్టిక్. ఆరు వారాలు కాలు మోపొద్దన్నారు. పడుకుంటే కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా పొట్టకు సూది, అది మా ఆయనే వేసేవాడు, కళ్లు సగం మూసుకుని! ఒకరోజు వాకర్ పట్టుకుని లేచేసరికి పాదం వంకాయ రంగుకు తిరిగింది. ఏడుస్తూ ఫోన్ చేశాను. కాలు పైకి పెట్టగానే రంగు మామూలైతే భయం లేదన్నారు. పెట్టాను, అయింది. ఆ ముక్క ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయేది?

తర్వాత బూటు, ఫిజియో. "అక్కా, బొటనవేలితో గాల్లో అ ఆలు రాయి" అనేది ఫిజియో అమ్మాయి. అ, ఆ ఎట్లనో వచ్చేవి. ఋ దగ్గర ప్రాణం పోయేది. వాపు నా టేపుతోనే కొలుచుకునేదాన్ని. కుడి చీలమండ తొమ్మిది అంగుళాలు, ఎడమది పదిన్నర. జాకెట్ కొలతల పుస్తకంలోనే రాసుకున్నాను.

నాలుగో నెలలో ఆ అమ్మాయి మిషన్ చూసి, "బెల్టు తీసేసి ఒట్టి పెడల్ తొక్కు, కుడి కాలు పక్కన పెట్టు" అంది. మునివేళ్లతో నొక్కితే పెడల్ దిగుతోంది. మడమతో నొక్కి ముందు వైపు పైకి లేపాలి కదా, సరిగ్గా అక్కడే పట్టేస్తోంది. చక్రం సగం తిరిగి వెనక్కి వస్తోంది. వెనక్కి తిరిగితే దారం తెగుతుంది, ఏ టైలర్‌నైనా అడగండి. రోజూ పది నిమిషాలు, దారం లేకుండా, గుడ్డ లేకుండా తొక్కాను. మా అత్తమ్మ చూసి, "ఉత్త మిషన్ తొక్కితే కూలి ఎవరిస్తరు బిడ్డా?" అనేది. పదిహేడో రోజు చక్రం ఆగకుండా తిరిగింది. బెల్టు ఎక్కించాను.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయి స్తంభాల గుడి దగ్గర రెండు చుట్లు తిరిగి కుర్చీలో కూర్చున్నాను. సద్దుల బతుకమ్మకు ఇవ్వాల్సిన జాకెట్లు ఇంకా ఆరున్నాయి. రాత్రి టేపు పెట్టి చూస్తే అర అంగుళం తేడా ఉంది. రాసుకుని, పేజీ తిప్పి, పక్కింటి వదిన చేతుల కొలత చూసుకున్నాను.