నూటపదహార్లు

అక్టోబరు 21, 2025, మంగళవారం

పొద్దున తలుపు తీసేసరికి గుమ్మం ముందు ప్రమిదలు వానకి తడిసిపోయి ఉన్నాయి. నూనె, నీళ్ళు, ఒత్తుల మసి కలిసి ఒక్కోదాంట్లో కషాయంలా తేలుతోంది. రాత్రి వాటిని లోపల పెట్టాలని ఒక్కరికీ అనిపించలేదు. జూలై 4కి కొని దాచిన కాకరపువ్వొత్తుల ప్యాకెట్టు చెప్పుల స్టాండు మీద పెట్టింది పెట్టినట్టే ఉంది.

మా ఊరి బేస్‌బాల్ జట్టు సియాటెల్ మారినర్స్‌కి టొరంటోతో సెమీఫైనల్ లాంటి సిరీస్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్ సరిగ్గా దీపావళి రోజే పడింది మరి. గెలిస్తే వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్. 30 జట్లలో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ ఆడని జట్టు మాదొక్కటే. "మాది" అంటున్నాను కానీ, ఏప్రిల్‌లో నాకు ఈ ఆటలో ఓనమాలు రావు. ఇదంతా మా మామయ్య చలవ.

ఏప్రిల్ ఆఖర్లో తెనాలి నుంచి వచ్చారాయన. విజిటర్ వీసా ఆరు నెలలు, బేస్‌బాల్ సీజనూ ఇంచుమించు ఆరు నెలలే. ఐపీఎల్ మ్యాచ్‌లు ఇక్కడ పొద్దున్నే అయిపోయేవి, సాయంత్రం ఆయనకేం తోచేది కాదు. మా ఆయన ఊరికే మారినర్స్ మ్యాచ్ పెట్టి ఇచ్చాడు. సీజన్‌కి 162 మ్యాచ్‌లని చెబితే "అయితే సీరియల్ లాగా రోజూ వస్తుందన్నమాట" అని కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నారు. అంతే, ఇంట్లో మ్యాచ్ మొదలయ్యే 6:40కి వంటింటి ఫ్యాన్ కూడా ఆపేయాల్సి వచ్చేది, శబ్దానికి.

క్యాల్ రాలీ అంటే ఆయనకి ప్రాణం. క్యాచర్ అంటే మన వికెట్ కీపరే అని మొదటిరోజే తేల్చేశారు. "అమ్మాయ్, ఆటంతా గుంజీళ్ళు తీసినట్టు కూర్చుని లేచి, మళ్ళీ వచ్చి బ్యాట్ పట్టుకుంటాడు చూడు" అంటూ తన మోకాళ్ళు నొక్కుకునేవారు. రెండు చేతుల వాటంతోనూ కొడతాడని తెలిశాక పేరు కూడా మార్చేశారు, సవ్యసాచి అని. ఆ సవ్యసాచి ఈ ఏడు 60 హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, కొట్టాడు. క్యాచర్లలో అంతకుముందు రికార్డు 48. అరవయ్యోది పడిన సెప్టెంబరు 24 రాత్రే జట్టు తన విభాగం వెస్ట్ డివిజన్ గెలిచింది, 2001 తర్వాత మళ్ళీ ఇప్పుడే.

ఆ 2001 సంగతి చెప్పినప్పుడు మామయ్య నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ ఏడు మారినర్స్ 116 మ్యాచ్‌లు గెలిచారు. అయినా వరల్డ్ సిరీస్‌కి చేరకుండానే న్యూయార్క్ చేతిలో పోయారు. "నూటపదహార్లు చదివించుకున్నాక కూడా పెళ్ళి తప్పిపోయిందన్నమాట!"

జోష్ నేలర్ మీద కూడా ఆయనకో జోకు ఉంది. మనిషి బొద్దుగా ఉంటాడు, లీగ్‌లో బాగా నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళలో ఒకడు. అయినా ఈ సీజన్లో 30 సార్లు బేస్ దొంగిలించాడు, అంటే తోటివాడు బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కి పరిగెత్తేశాడు. "వీడు కొట్టినా సంతోషమే, కొట్టేసినా సంతోషమే."

ఈ నెల 10న డెట్రాయిట్‌తో మ్యాచ్ తొమ్మిది ఇన్నింగ్స్‌తో అయిపోవాల్సింది, 15 దాకా సాగింది. దగ్గర దగ్గర ఐదు గంటలు. పెసరట్లు వేసి, తినిపించి, గిన్నెలు తోమి వచ్చినా ఇంకా 2-2. చివరికి మా పొలాంకో కొట్టిన గెలుపు దెబ్బకి మామయ్య లేచిన తీరు చూసి, మోకాళ్ళ నొప్పులన్నీ నాటకమేమో అనుకున్నాను.

ఇక నిన్నటి సంగతి. సాయంత్రం ఐదింటికే ఆట మొదలు. పూజ ఆలస్యం చేద్దామంటే ఆయనే ఒప్పుకోలేదు, లక్ష్మీదేవితో పేచీ వద్దన్నారు. నేను హారతి ఇస్తుండగా హాల్లోంచి ఒక్క కేక. ఐదో ఇన్నింగ్స్‌లో రాలీ హోమ్ రన్. 3-1, మాదే పైచేయి. మామయ్య పరుగున వచ్చి హారతి కళ్ళకద్దుకుని, అంతే పరుగున వెనక్కి.

ఏడో ఇన్నింగ్స్. మా పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) బ్రయన్ వూ మొదటి బ్యాటర్ బార్గర్‌కి వాక్ ఇచ్చాడు, అంటే నాలుగు చెడ్డ బంతులు వేసి ఊరికే బేస్ ఎక్కనిచ్చాడు. తర్వాతివాడు సింగిల్ కొట్టాడు. ఆ తర్వాతివాడు బంట్ చేసి, అంటే బంతిని మెల్లగా తాకించి, ఇద్దర్నీ ముందుకి జరిపాడు. మేనేజర్ డాన్ విల్సన్ పిచ్చర్‌ని మార్చాడు. వచ్చింది బజార్డో. వస్తాడనుకున్న, మ్యాచ్‌లు ముగించే పిచ్చర్ మున్యోజ్, పిచ్చర్లు సిద్ధమయ్యే బుల్‌పెన్‌లోనే ఉండిపోయాడు. బ్యాటింగ్‌కి జార్జ్ స్ప్రింగర్. శుక్రవారం వూ వేసిన బంతే మోకాలికి తగిలి మైదానం వదిలి వెళ్ళినవాడు. కొట్టాడు. హోమ్ రన్. ఒక్క దెబ్బకి మూడు పరుగులు, టొరంటోకి 4-3. ఆ తర్వాత మావాళ్ళకి ఒక్క పరుగూ రాలేదు.

మా ఆయన విల్సన్‌ని రాత్రంతా తిట్టాడు, పొద్దున బ్రష్ చేసుకుంటూ కూడా. మామయ్య మాత్రం మున్యోజ్ ఊసే ఎత్తలేదు. "స్ప్రింగర్ కొట్టడం వాడి గొప్ప. ముందు బార్గర్‌ని ఊరికే బేస్ ఎక్కించడమే తప్పు. పిలిచి పీట వేశాం" అన్నారు. నాకూ అదే నిజం అనిపిస్తోంది. బజార్డో ఏడాదంతా బాగానే వేశాడు, పాపం.

ఇవాళ ఆఫీసు పని యాంత్రికంగా నడిచింది. మధ్యాహ్నం మీటింగ్‌లో ఎవరూ ఆట మాట ఎత్తలేదు. సాయంత్రం నిన్నటి పులిహోర వేడి చేసి, మామయ్య పెట్టెలు సర్దడానికి కూర్చున్నాం. శుక్రవారం ఆయన ఫ్లైట్. టొరంటో, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ మొదలయ్యేదీ ఆ రోజే. "మంచిదే, చూసే బాధ తప్పింది" అన్నారు.

6:40కి అలవాటు కొద్దీ రిమోట్ నొక్కారు. ఏదో వంటల పోటీ వస్తోంది. కాసేపు చూసి కట్టేశారు.

"మళ్ళీ ఎప్పుడమ్మాయ్?"

"మార్చి ఆఖర్లో, మామయ్యా."

వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. "ఇక్కడ 6:40 అంటే మనకి పొద్దున ఏడూ పది. కాఫీ టైమ్."

తర్వాత పెట్టె ఎత్తి తూకం మిషన్ మీద పెట్టారు. 23 కిలోలు దాటకూడదు, 23.8 చూపించింది. బాదం ప్యాకెట్లు తీసేద్దామన్నాను. ఆయన పైనున్న మారినర్స్ టోపీ తీసి తలకి పెట్టుకుని, మళ్ళీ తూకం చూడమన్నారు.