గాలితో చల్లబడే ఇంజనుకు తగిన మెకానిక్ కోసం

నా కారు 1982 నాటి పోర్షే 911 ఎస్‌సి. పాత యజమాని దగ్గర నాలుగేళ్లు కదలకుండా ఉండి నా చేతికి వచ్చింది. మొదటిసారి సర్వీసుకు ఇచ్చిన రోజు పొద్దున ఆ షెడ్డులోని మెకానిక్, ఏ కారుకైనా చూసినట్టే, ఇంజను చల్లగా ఉండగా డిప్‌స్టిక్ తీసి చూశారు. దాని కొసన చుక్క ఆయిల్ కూడా లేదు. ఇంత మంచి ఇంజను ఎండిపోయి ఉందని ఆయన నిజంగానే కంగారుపడి, గుర్తు అందేదాకా రెండు లీటర్లకు పైగా పోశారు. నేను నాలుగు కిలోమీటర్లు వెళ్లానో లేదో, అద్దంలో వెనుక రోడ్డు కనిపించనంతగా నీలిపొగ కమ్మింది. ఆపి వెనుక మూత ఎత్తితే ఎయిర్ ఫిల్టర్ డబ్బా అంచు వెంట ఆయిల్ కారుతోంది. కారును లారీ మీద తిరిగి అక్కడికే చేర్చాక ఆయన ఒక్క మాటలో తేల్చేశారు: "ఇంజను బోరుకొచ్చిందండీ, దించక తప్పదు."

ఆ ఇంజను బోరుకు రాలేదని రుజువు కావడానికి నాకు పది వారాలు పట్టింది. ఈ కారులో ఆయిల్ ఇంజను అడుగున నిలవ ఉండదు. కుడి వెనుక చక్రానికి అవతల ఉన్న విడి ట్యాంకులో ఉంటుంది. ఇంజనులో పడిన ఆయిల్‌ను ఒక పంపు ట్యాంకుకు తోడిపోస్తుంటే, మరో పంపు ట్యాంకు నుంచి ఇంజనుకు అందిస్తుంది. దీన్నే డ్రై సంప్ అంటారు. కారు చాలాసేపు నిలిచి ఉంటే ట్యాంకులోని ఆయిల్ మెల్లగా ఇంజనులోకి దిగిపోతుంది కనుక పొద్దున డిప్‌స్టిక్ పొడిగా కనిపించడం మామూలే. ఇంజను పూర్తిగా వేడెక్కాక, కారు చదునైన నేల మీద ఉండగా, ఐడిల్‌లో నడుస్తున్నప్పుడు మాత్రమే ఆ కొలత చూడాలి. చల్లగా ఉన్నప్పుడు గుర్తు దాకా నింపితే, ఇంజను తిరగగానే కిందికి దిగిన ఆయిలంతా మళ్లీ ట్యాంకుకు చేరుతుంది. అక్కడ పట్టనిది బ్రీదర్ గొట్టం గుండా గాలి పీల్చే దారిలోకి పోయి సిలిండర్లలో కాలుతుంది. నాకు కనిపించిన పొగ అదే.

ఆ మెకానిక్ సోమరి కాదు, మోసగాడూ కాదు. నీటితో చల్లబడే కార్లలో ఆయన పనిని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. డ్రై సంప్ సంగతి ఆయనకు తెలియకపోవడం కూడా నన్ను అంతగా బాధించలేదు. ఒక్క గేజీ పెట్టకుండా, ఒక్క ప్లగ్గు విప్పకుండా, పొగ రంగును బట్టి మాత్రమే ఇంజను దించాలని చెప్పడం బాధించింది. నేను అప్పుడే సరేనని తల ఊపి ఉంటే, ఏ జబ్బూ లేని ఇంజను ముక్కలుముక్కలుగా బల్ల మీదికి చేరేది.

ఈ ఇంజన్లు బాగా తెలిసిన మెకానిక్‌లు అరుదు కావడానికి కారణం ఆ కారు చరిత్రలోనే ఉంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 పేరుతో కనిపించిన ఈ కారు, మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్ల మీద పెజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 911 అయింది. ఆరు సిలిండర్లు అటు మూడు, ఇటు మూడుగా పడుకుని ఉండే ఆ ఇంజనును రేడియేటర్, నీళ్లు ఏవీ లేకుండా ఒక పెద్ద ఫ్యానూ ఆయిలూ కలిసి చల్లబరుస్తాయి. 1998లో 993 మోడల్‌తో ఆ పరంపర ముగిసింది. ఆ తర్వాత కంపెనీ శిక్షణ పొందిన మెకానిక్‌లు నీటితో చల్లబడే ఇంజన్ల మీదే చేయి తిప్పుకున్నారు, పాత ఇంజన్ల మీద పెరిగిన తరం చాలావరకు పని విరమించే వయసుకు వచ్చింది. అందువల్ల గోడ మీద కంపెనీ ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన నా కారు విషయంలో నాకు భరోసా కలగలేదు. గాలితోనే చల్లబడే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్లు బాగా చేసేవారిని కూడా కలిశాను. ఫ్యాన్ బెల్టు తెగితే వెంటనే బండి ఆపాలని, ఇంజను చుట్టూ ఉండే రేకుల కవచంలో ఒక్క ముక్క లేకపోయినా వేడి పెరుగుతుందని వారికి బాగా తెలుసు. కానీ 911లో ఉండే చైన్లు, హెడ్ల పైన తిరుగుతూ వాల్వులను తెరిచే క్యామ్‌లు వారికి కొత్త.

మెకానిక్‌ను వెతికే ముందు మన కారు జబ్బులు మనం తెలుసుకోవాలి. ఈ విషయంలో నేను మొదట ఆలస్యం చేశాను. 911 అన్న పేరు ఒకటే అయినా ఏళ్లను బట్టి దాని బలహీనతలు మారిపోతాయి. 1974 నుంచి 1977 దాకా వచ్చిన 2.7 లీటర్ల ఇంజన్లకు మెగ్నీషియం క్రాంక్ కేసు, అంటే ఇంజను మధ్య పెట్టె, ఉంటుంది. వేడికి ఆ మెత్తని లోహంలోని మరలు పట్టు విడిచి, సిలిండర్ హెడ్లను బిగించి పట్టే హెడ్ స్టడ్లు పైకి లేచి వస్తాయి, వాటికి ఉక్కు ఇన్సర్టులు వేయడమే మందు. 1978లో ఎస్‌సితో అల్యూమినియం కేసు వచ్చి ఆ బాధ తప్పింది కానీ, ఎగ్జాస్టు వైపు వాడిన డిలవార్ అనే మిశ్రలోహపు స్టడ్లు విరగడం మొదలైంది. 1984 నాటి 3.2 లీటర్ల కారెరాలో, చైన్లను బిగువుగా ఉంచే టెన్షనర్లకు ఇంజను ఆయిల్ ఒత్తిడి అందేలా మార్చారు. అంతకు ముందరి కార్లలో టెన్షనర్ చతికిలబడితే చైను వదులై వాల్వులు పిస్టన్లకు తగిలే ప్రమాదం ఉంది కాబట్టి, చాలామంది ఆ కొత్త టెన్షనర్లను పాత ఇంజన్లకు బిగించుకుంటారు. 993కు ముందరి 964 మోడల్‌లో సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు వచ్చాయి. 993లో వాల్వు సందును తమంతట తామే సరిచేసుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు వచ్చాయి కనుక ఆ కారుకు ట్యాపెట్ సెట్టింగ్ చేస్తానని ఎవరైనా చెబితే అక్కడి నుంచి మర్యాదగా లేచి రావచ్చు.

ఎవరిని అడగాలన్న ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు తోటి యజమానులను అడగమనే. నేనూ అడిగాను. ఏడాదికి రెండుసార్లు ప్రదర్శనకు మాత్రమే బయటికి తీసే కారు యజమాని తన మెకానిక్‌ను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నా, ఆ పని ఎంతకాలం నిలుస్తుందో ఆయనకు తెలిసే వీలు తక్కువ. ఇంజను విప్పి బిగించిన తర్వాత యాభై వేల కిలోమీటర్లు నడిపినవారి మాటకు నేను ఎక్కువ విలువ ఇచ్చాను. అంతకన్నా అక్కరకొచ్చినవి హెడ్లు, క్రాంక్ కేసులు బాగుచేసే మెషిన్ షాపులు. పని ఎవరి దగ్గరి నుంచి వస్తుందని కాక, వచ్చేటప్పుడు సామాను ఏ స్థితిలో వస్తుందని అడిగాను. కొందరు ఆయిల్ జిడ్డుతో, అన్నీ ఒకే పెట్టెలో కలిపేసి పంపుతారట. ఒకాయన మాత్రం ప్రతి భాగాన్నీ కడిగి, ఏ సిలిండర్‌దో అంకె వేసి, తాను తీసుకున్న కొలతల కాగితం జతచేసి పంపుతారని ఇద్దరు వేర్వేరు షాపుల వారు చెప్పారు. ఇద్దరూ చెప్పింది ఒకే పేరు.

ఆ పేరు దొరికేలోపు నేను ఫోనులో మాట్లాడినవారు తొమ్మిది మంది. వారిని పరీక్షించాలని కాదు గానీ, మాట కలపడానికి మూడు ప్రశ్నలు సిద్ధం చేసుకున్నాను. ఆయిల్ మార్చేటప్పుడు ఎన్నిచోట్ల నుంచి దించుతారన్నది మొదటిది. ఎస్‌సిలో ట్యాంకు నుంచీ ఇంజను నుంచీ విడివిడిగా దించాలి, లేకపోతే దాదాపు 13 లీటర్ల ఆయిల్‌లో సగం పాతదే మిగులుతుంది. ఇంజను దించకుండానే విరిగిన స్టడ్‌ను ఎలా కనిపెడతారన్నది రెండోది. కింది వాల్వు కవర్లు విప్పి చూస్తామని, ఒక్కోసారి విరిగిన ముక్క నట్టుతో సహా ఆ కవర్లోనే దొరుకుతుందని ఇద్దరే చెప్పారు. మూడోది ఇంజనుకు పెట్రోలు అందించే బాష్ కంపెనీ కే-జెట్రానిక్ ఇంజెక్షన్ గురించి. చల్లని ఇంజను స్టార్టు కాకుండా మొరాయిస్తే ముందుగా గేజీ పెట్టి పెట్రోలు ప్రెషర్లు చూడాలి. ఇంజను చప్పుడు విని, గాలీ పెట్రోలూ కలిసే పాళ్లను మార్చే మిక్స్చర్ స్క్రూ తిప్పి సరిచేస్తానన్న ఒక పెద్దాయనకు కృతజ్ఞతలు చెప్పి ఫోను పెట్టేశాను. ఆ స్క్రూను అంచనాతో తిప్పితే ఇంజను వెనక్కి తన్నడం, ఆ దెబ్బకు ప్లాస్టిక్ ఎయిర్ బాక్సు పగలడం ఈ కార్లలో తెలిసిన సంగతే. దానికి రక్షణగా, ఒత్తిడి పెరిగితే తెరుచుకునే చిన్న పాప్-ఆఫ్ వాల్వు బిగించుకోవడం కూడా అందుకే.

మెషిన్ షాపుల వారు చెప్పిన ఆయన నా ప్రశ్నలకు జవాబు చెప్పే ముందు తానే అడగడం మొదలుపెట్టారు. కారు ఏ దేశం కోసం తయారైంది, ఇంజను నంబరు ఎంత, ఎన్నేళ్లు నిలిచి ఉంది, టెన్షనర్లు మార్చారా, పాత బిల్లులు ఉన్నాయా, పొగ వచ్చినప్పుడు ఇంజను వేడిగా ఉందా చల్లగా ఉందా అని వరసగా అడిగి, చివరికి "ఆయిల్ ఎప్పుడు, ఎలా చూశారండీ?" అన్నారు. నేను చెప్పింది విని కాసేపు మౌనంగా ఉండి, కారును స్టార్టు చేయకుండా లారీ మీదే పంపమన్నారు. వరస రావడానికి ఏడు వారాలు ఆగాలని కూడా అప్పుడే చెప్పారు. ఆగడం కష్టమైంది కానీ, మంచి మెకానిక్ దగ్గర వరస ఉండడం సహజమని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

మొదటి రోజు అదనపు ఆయిల్ దించి, ఎయిర్ బాక్సు, గొట్టాలు శుభ్రం చేసి, ఇంజనును వేడెక్కించి లీక్ డౌన్ పరీక్ష పెట్టారు. పిస్టన్ పైకి వచ్చి వాల్వులన్నీ మూసుకుని ఉన్న స్థితిలో ప్లగ్గు రంధ్రం గుండా ఒత్తిడితో గాలి పంపి, ఎంత శాతం బయటికి పోతోందో చూసే పరీక్ష అది. ఐదు సిలిండర్లలో నాలుగు నుంచి ఆరు శాతం లోపే చూపించింది. మూడో సిలిండర్‌లో మాత్రం పద్నాలుగు. ఆయన నన్ను పిలిచి సైలెన్సర్ గొట్టం దగ్గర చెవి పెట్టమన్నారు. సన్నటి బుస వినిపించింది. ఆయిల్ పోసే చోట విన్నాం, అక్కడ నిశ్శబ్దం. రింగులు పోయి ఉంటే బుస అక్కడ వినిపించేదని, ఇది ఎగ్జాస్టు వాల్వు సీటు మీద నుంచి పోతున్న గాలి అని, నాలుగేళ్లు నిలిచిన కారులో అక్కడ మసి పట్టి ఉండవచ్చని ఆయన వివరించారు.

మర్నాడు పొద్దున, రాత్రంతా చల్లబడిన ఇంజను మీద ట్యాపెట్లు సరిచేశారు. కవర్లు విప్పినప్పుడు కింది వరస స్టడ్లన్నీ చూసి, విరిగినవి లేవని నాకూ చూపించారు. తర్వాత పుల్లీ నట్టుకు పానా వేసి ఇంజనును సవ్యదిశలో తిప్పి గుర్తు దగ్గర ఆపారు. వాల్వు సందు కొలిచే 0.10 మిల్లీమీటర్ల రేకును, అంటే ఫీలర్ గేజీని, సన్నటి పిడికి బిగించి, చేయి సరిగా పట్టని ఆ ఇరుకులోకి కేవలం వేళ్ల స్పర్శతో దూర్చి, స్క్రూ తిప్పి, లాక్ నట్టు బిగించి, మళ్లీ గేజీ దూర్చారు. బిగించేటప్పుడు స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా సందు మారిపోతుందట. ఒక సిలిండర్ అయ్యాక పుల్లీని 120 డిగ్రీలు తిప్పి, ఒకటి, ఆరు, రెండు, నాలుగు, మూడు, ఐదు అన్న క్రమంలో పన్నెండు వాల్వులూ పూర్తి చేసి, మొత్తం వరసను మొదటి నుంచి ఇంకోసారి చూశారు. ఆ రెండోసారి ఒక వాల్వు బిగుతుగా తోచి, మళ్లీ విప్పారు. వైద్యుల విషయంలో మనవాళ్లు హస్తవాసి అంటారు కదా, నాకు ఆ మాటే గుర్తుకొచ్చింది.

పనికి సంబంధించిన మాటలన్నీ ఆయన ముందే కాగితం మీద పెట్టారు. సామానుకు ఎంత, కూలికి ఎంత అన్నది వేరువేరుగా, నాతో మాట్లాడకుండా ఏ భాగమూ విప్పనని, మార్చినవాటి పాతవి తిరిగి ఇస్తానని. ఇవి నేను అడగాల్సిన అవసరమే రాలేదు.

మూడో సిలిండర్ సంగతి ఏం చేద్దామని అడిగితే, ఇప్పుడు ఏమీ చేయవద్దన్నారు. ఇంజనును బాగా వేడెక్కనిచ్చి, దూరప్రయాణాల మీద తిప్పి, మూడు వేల కిలోమీటర్ల తర్వాత తీసుకురమ్మన్నారు. ఆరు సిలిండర్ల అంకెలూ ఒక అట్టముక్క మీద పెన్సిలుతో రాసి, నకలు నాకిచ్చి అసలుది తన పుస్తకంలో పెట్టుకున్నారు. పోయిన నెల తిరిగి వెళ్లాను. అదే గేజీ, అదే వేడి. మూడో సిలిండర్ ఏడు శాతం చూపించింది. పద్నాలుగు పక్కన ఏడు వేసి, దాని పక్క గడిలో వచ్చే ఏడాది నెల మాత్రం రాసి, అంకె కోసం చోటు ఖాళీగా ఉంచారు.