తెచ్చిన మనిషి మాట పోకుండా ఉద్యోగం మారడం

గల్ఫ్‌లో మొదటి ఉద్యోగం ఎప్పుడు వదలాలి అని మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన పిల్లలు అడిగితే నేను ముందుగా జీతం సంగతి ఎత్తను. నిన్ను ఇక్కడికి తెచ్చింది ఎవరు అని అడుగుతాను. మనవాళ్లలో చాలామంది ప్రకటన చూసి వచ్చినవాళ్లు కారు. మేనమామో, బావో, పక్క ఊరి అన్నో మేనేజరు ముందు నిలబడి "మా వాడే సార్, నమ్మకస్తుడు" అంటే వచ్చినవాళ్లు. నేర్చుకోవడానికి అక్కడ ఏమీ మిగలకపోయినా, జీతం ఒక్క దిర్హామ్ పెరగకపోయినా వాళ్లు కదలరు. ఆ మాట పోతుందని భయం. చదువుకు తెచ్చిన అప్పు భయం దాని తరువాతే.

దీని వేరు నాకు మా ఇంట్లోనే కనిపిస్తుంది. మా తాత నాగార్జునసాగర్ మట్టిపనికి వెళ్లిన పాలమూరు కూలీ. కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి ఊళ్లోకి వచ్చి ఇంటింటికీ ముందుగానే డబ్బు ఇచ్చేవాడు. అది పెళ్లికో, పాత బాకీకో, తిండిగింజలకో అయిపోయేది. ఇక పని ముగిసేదాకా గుంపును విడవకూడదు. మధ్యలో ఒకడు వెళ్లిపోతే వాడు తీసుకున్న డబ్బు మేస్త్రి మెడకు చుట్టుకునేది, వాడి వంతు మట్టి తోటివాళ్లు మోయాల్సి వచ్చేది. నాన్న నారాయణపేటలో ముంబై బస్సెక్కి కట్టడాల పనికి వెళ్లిన రోజుల్లోనూ ఇదే నియమం. అందుకే మా ఇంట్లో మధ్యలో పని వదలడమంటే పరువు తక్కువ. ఆ నియమం వాళ్లను ఎంతగా కట్టిపడేసిందో నాకు తెలుసు. అయినా దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. పక్కవాడి మీద భారం వేయకూడదన్న పట్టింపు అందులో ఉంది.

సివిల్ ఇంజినీరింగ్ పూర్తయ్యాక నేను యూఏఈలోని షార్జాలో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజినీరుగా చేరాను. తెచ్చింది మా మేనత్త భర్త. మొదటి ఏడాది ప్రతి రోజూ ఏదో ఒకటి కొత్తగా తెలిసేది. డ్రాయింగ్ చూసి ఇనుము లెక్క కట్టడం, కాంక్రీటు పోయకముందు కన్సల్టెంటు తనిఖీకి కాగితాలు సిద్ధం చేయడం, ఎవరి కొలతలు ఎంతవరకు నమ్మాలో పసిగట్టడం. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని ఆపాలి. కాబట్టి తెల్లవారుజామునే కాంక్రీటు బండ్లు సైటుకు చేరేలా చూసుకోవడం కూడా ఒక విద్యే. రెండో ఏడాదికి వచ్చేసరికి అవే విల్లాలు, అవే పునాదులు, అవే స్లాబులు. ఎత్తైన భవనం మీద ఒక్కరోజు కూడా నిలబడకుండా ఇలాగే ఐదేళ్లు గడిస్తే పెద్ద కంపెనీలు ఎందుకు పిలుస్తాయి? వచ్చే ఆరు నెలల్లో సైట్లో ఏం జరుగుతుందో ఈ రోజే చెప్పగలిగితే, కుర్ర ఇంజినీరుకు అక్కడ కాలం చెల్లినట్టే అని నా నమ్మకం.

అయితే మనసు విరిగిన రోజూ, రాజీనామా ఉత్తరం ఇచ్చే రోజూ ఒకటి కాకూడదు. 2022 ఫిబ్రవరి 2న అమల్లోకి వచ్చిన యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్, అంటే మొదట్లో పనితీరు చూసే గడువు, ఆరు నెలలు మించదు. ఆ లోపల ఇక్కడే మరో కంపెనీకి మారాలంటే నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, పాత కంపెనీ పెట్టిన నియామక ఖర్చు కొత్త కంపెనీ భరించాలి. అందుకే ప్రొబేషన్‌లో కదలడం నాకు నచ్చదు. ఏడాది నిండితే గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, హక్కుగా వస్తుంది. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల మూల వేతనం చొప్పున లెక్క. అలవెన్సులు ఇందులోకి రావు. పాత చట్టంలో గడువు లేని ఒప్పందం మీద ఉండి మూడేళ్లలోపు రాజీనామా చేసినవారికి మూడో వంతే దక్కేది, ఇప్పుడు ఆ కోత లేదు. పదకొండో నెలలో కోపంతో ఉత్తరం పడేసి వచ్చేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నోటీసు 30 నుంచి 90 రోజుల దాకా ఉండవచ్చు, ఎవరి ఒప్పందం వాళ్లు చూసుకోవాలి. ఉద్యోగం పోయినవారికి మూడు నెలల వరకు ఆసరా ఇచ్చే బీమా ఉంది కాని, తమంతట తాము మానుకున్నవారికి అది వర్తించదు. కనుక కొత్త ఆఫర్ మీద సంతకం అయ్యేదాకా రాజీనామా మాట ఎత్తవద్దు.

తెచ్చిన బంధువు మీద మాత్రం ఈ చట్టంలో ఎక్కడా ఏ బాకీ లేదు. నియామక ఖర్చు కార్మికుడి నుంచే వసూలు చేయకూడదన్నప్పుడు బంధువు మీద పడేదేమిటి? తాత నాటి మేస్త్రికి నిజంగానే డబ్బు నష్టం. మా మామకు అలాంటిదేమీ లేదు.

ఆఫర్ చేతికి వచ్చాక మేనేజరు కంటే ముందు మామకే చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "నువ్వు పోతే రేపు మనవాళ్లను వీళ్లు తీసుకుంటారా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఆయన కొడుకు అప్పుడు ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాడు.

"నేను వెళ్లే తీరు చూసి చెప్పు మామా" అన్నాను.

నడుస్తున్న విల్లా పైస్లాబు పడేదాకా ఆగాను. సబ్‌కాంట్రాక్టర్ల కొలతలు, మిగిలిన తనిఖీలు, రావలసిన సామాను అన్నీ రాసిపెట్టి, నా చోటికి వచ్చిన కేరళ అబ్బాయిని సైటంతా తిప్పి చూపించాను. అనుభవ ధ్రువపత్రం అడిగి తీసుకున్నాను. అడిగితే కంపెనీ రుసుము లేకుండా ఇవ్వాల్సిందే. మామ కొన్నాళ్లు ముభావంగానే ఉన్నాడు. తరువాత అదే కంపెనీ దేవరకద్ర అబ్బాయి ఒకరిని తీసుకుంది. ఆ సంగతి మామే ఫోను చేసి చెప్పాడు.

ఈ మధ్య నా దగ్గరికి వచ్చిన కోస్గి కుర్రవాడికి నవంబరులో ఏడాది నిండుతుంది. బ్యాంకు అప్పు తీరాకే మారతానంటాడు. పెరిగిన జీతంతో ఆ అప్పే త్వరగా తీరుతుందని కాగితం మీద లెక్క వేసి చూపించాను, ఒప్పుకున్నాడు. వాడిని తెచ్చిన బావ అదే క్యాంపులో పై అంతస్తులో ఉంటాడట. ఆయనతో చెప్పడానికే వాడికి నోరు రావడం లేదు. ఈ ఆదివారం నేనూ వెంట వస్తానన్నాను.