చెట్టుని కౌగిలించుకున్నట్టు

ఆరేళ్లుగా కరాటే చేస్తున్నా, ఊరికే నిలబడటం ఇంత కష్టమని మాత్రం ఈ నెలలోనే తెలిసింది. ఒళ్లంతా బిగబట్టేస్తున్నావు, కొన్నాళ్లు చీగాంగ్ (ఊపిరి మీద ధ్యాస పెట్టి నెమ్మదిగా చేసే చైనా సాధన) చెయ్యి అన్నారు మాస్టారు. దాంతో రోజూ పొద్దున్నే ఐదున్నరకి కాలవగట్టు మీద కొబ్బరిచెట్ల కింద తయారవుతున్నా.

మొదటి పాఠం ఝాన్ ఝువాంగ్. మోకాళ్లు కాస్త వంచి, చేతులు చెట్టుని కౌగిలించుకున్నట్టు గుండ్రంగా పెట్టి కదలకుండా ఉండాలి, అంతే. నాలుగో నిమిషానికే తొడలు వణికాయి, భుజాలు చెవుల దాకా లేచిపోయాయి, దానికితోడు దోమలు (కోనసీమ దోమల సంగతి చెప్పాలా!). ఇంతలో కొబ్బరికాయలు దింపు తీసే ఆయన సైకిలాపి, "చెట్టు అటుందండి బాబూ, గాలిని పట్టుకున్నారేంటండీ?" అన్నాడు. నవ్వాపుకోలేక మొత్తం కూలబడ్డా.

చీగాంగ్‌లోనే బాదువాన్‌జిన్ అనే వరసలో ఎనిమిది కదలికలుంటాయి, నాకు మూడే వచ్చాయి. రెండు అరచేతులూ ఆకాశానికెత్తే మొదటిది బాగా నచ్చింది. లోపల చీ, అంటే ప్రాణశక్తి, ప్రవహిస్తుందంటారు గానీ, నాకైతే అరచేతులు వెచ్చబడటం తప్ప ఏమీ తెలియలేదు. కానీ మొన్న కరాటే స్పారింగ్‌లో (ఇద్దరు తలపడే సాధనలో), ప్రతి కిక్‌కీ ముందు ఊపిరి బిగబడుతున్నానని మొదటిసారి నాకే తెలిసింది. ఆ తెలిసిన క్షణంలోనే కడుపులో ఒకటి తగిలిందనుకోండి.