రెండెకరాల లెక్క

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది పావగడ. కర్ణాటక రైతే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. 2023 కరువులో ఆయన రెండెకరాల వేరుశనగ ఎండిపోయింది. "నాకెంత పడిందో కాస్త చూడు నాయనా" అంటూ ప్లాస్టిక్ కవరులోంచి పాస్‌బుక్కు తీశారు.

కర్ణాటకలో 'పరిహార' వెబ్‌సైటులో ఆధార్ నంబరు కొడితే పంట నష్టానికి సర్కారు ఇచ్చే పరిహారం ఎంత జమ అయిందో తెలుస్తుంది. మంచి ఏర్పాటు, కాదనను. ఆ కరువు నాటి లెక్క ప్రకారం, పంట నష్టం 33 శాతం దాటితే వర్షాధార భూమికి హెక్టారుకు (అంటే దాదాపు రెండున్నర ఎకరాలకు) 8,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. అంటే ఈయనకు ఏడు వేలు కూడా రాదు. (విత్తనాల ఖర్చయినా వస్తుందా అన్నది అడగకండి.)

వెబ్‌సైటులో డబ్బు పడినట్టే ఉంది. పాస్‌బుక్కులో చూస్తే ఆ కింది వరుసలోనే, అదే తేదీన, పంట రుణం ఖాతాకు మళ్లింపు! సర్కారు ఇచ్చింది అందరికీ కనిపిస్తుంది, బ్యాంకు కోసుకున్నది ఏ తెర మీదా కనిపించదు. నాకు ఒళ్లు మండిపోయింది. పరిహారాన్ని అప్పు కింద జమ వేసుకోవద్దని 2024లోనే రాష్ట్ర ప్రభుత్వం బ్యాంకులకు చెప్పింది కదా! ఆయన మాత్రం "అప్పు తీరిందిలే" అంటున్నారు. నేను ఊరుకోదలచుకోలేదు. సోమవారం ఇద్దరం పావగడ బస్సెక్కుతున్నాం.